కాఫీ దగ్గర మాట

బోర్డు మీటింగులో షేక్ ముత్లక్ నిద్రపోవడం కొత్తేమీ కాదు. ఆయన మేలుకుని ఉంటేనే మిగతావాళ్లకు కంగారు. జరీ అంచు పైవస్త్రం, అబాయా, భుజాల మీద సర్దుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, రెండో అంశం చదివేలోపు కళ్లు మూసుకుంటాడు. మళ్లీ కాఫీ వాసన తగిలితేనే తెరుస్తాడు. ఎనభై దగ్గరపడిన తెగ పెద్ద. పాల కంపెనీ బోర్డులో ఈయనెందుకని ఎవరూ అడగలేదు. ఆయన పేరు కాగితం మీద ఉంటే కంపెనీ లారీని ఎడారి దారిలో ఎవడూ ఆపడు. సమ్మెకు దిగుదామనుకున్నవాడు ఇంటికెళ్లి పెద్దవాళ్లను ఓ మాట అడిగి, నోరు మూసుకుని పనిలోకి వస్తాడు. కంపెనీకి ఆయన చేసే ఉపకారం అది.

ఆయనకు ఎదురుగా సుహైర్ కూర్చుంటుంది. బ్యాంకులో అప్పుల విభాగాన్ని ముప్పై ఏళ్లు నడిపి రిటైరయింది. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ బోర్డులో యజమానికి చుట్టం కానివాళ్లు కూడా ఉండాలి కాబట్టి ఆవిడను తెచ్చి కూర్చోబెట్టారు. ఛైర్మన్ రస్మీ బేగ్ అప్పట్లో లండన్ నుంచి ఒక సలహాదారుణ్ని కూడా రప్పించాడు. మంచి బోర్డు ఉంటే మంచి లాభం దానంతటదే వస్తుందని ఆయన తెరమీద బొమ్మలేసి చెప్పి, ఒక పుస్తకం అచ్చేయించి ఇచ్చి, అమ్మాన్‌లో నాలుగురోజులు మంసఫ్ తిని వెళ్లాడు. ఆకుపచ్చ అట్ట మీద బంగారు అక్షరాల ఆ పుస్తకం ఇప్పటికీ బోర్డు గదిలో అద్దాల బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం మూడో అంశాన్ని బోర్డు కార్యదర్శి, లాయరు వాయిల్, గొంతు తగ్గించి చదివాడు. నాణ్యత విభాగం అధిపతి ముంజిర్ నిర్లక్ష్యం వల్ల చెడిపోయిన లబనా, వడకట్టిన గట్టిపెరుగు, మార్కెట్లోకి వెళ్లింది. బోర్డు అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి, విషయాన్ని ప్రాసిక్యూటరుకు అప్పగిస్తోంది.

"అందరం ఒక్క మాట మీదున్నాం కదా," అన్నాడు రస్మీ బేగ్, చేతిలో తస్బీహ్ పూసలు ఒక్కొక్కటే జారుస్తూ. అడిగినట్టు కాదు, అయిపోయిందన్నట్టు.

అయిపోయిన మాట నిజమే. శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఇంటి దివానులో, అతిథుల పెద్దగదిలో, ఎనిమిదిమంది మగవాళ్లు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తిన్నప్పుడే అయిపోయింది. ఆ దివానులోకి ఆడవాళ్లు వెళ్లరు. బోర్డు గదికి వచ్చేది సంతకానికే. గంగిరెద్దుల్లా అందరూ తలలూపారు.

"నేను లేను, రస్మీ బేగ్," అంది సుహైర్.

పూసల చప్పుడు ఆగింది. ఆవిడ పక్కనున్న మాజీ రాయబారి ఫోను తీసి దాంట్లోకి చూడటం మొదలుపెట్టాడు.

"ఆ లబనాని ముంజిర్ ఆపాడు. రంజాన్‌లో సరుకు చాలడంలేదని జనరల్ మేనేజర్ బయటికి పంపాడు. ఈ గదిలో అందరికీ తెలుసు. రుసైఫా బడిలో పిల్లలు వాంతులు చేసుకున్నారు. ఒక పిల్లకి కిడ్నీలు పోయేట్టున్నాయి, ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. పంపినవాడు ఇక్కడ కూర్చుని ఉంటే, ఆపినవాణ్ని జైలుకి పంపమంటారా?"

పంపినవాడు కినాన్, జనరల్ మేనేజరు, రస్మీ బేగ్ ఏకైక అల్లుడు. బల్ల చివర కూర్చుని చొక్కా చేతి బొత్తాం తిప్పుకుంటున్నాడు. అతని ముఖంలో సిగ్గు లేదు, కోపమూ లేదు. పక్కింటివాళ్ల గొడవ వింటున్నట్టున్నాడు.

"అమ్మా సుహైర్, మీరు మాకు ఇంటి ఆడపడుచు లాంటివారు," అన్నాడు రస్మీ బేగ్ మెత్తగా. ఆయన గొంతెప్పుడూ మెత్తగానే ఉంటుంది. "ఇంట్లో మాట ఇంట్లోనే సర్దుకుందాం."

"సర్దుకుని సర్దుకుని కదా బేగ్, కొట్టువాళ్లు మన డబ్బాలు వెనక వరుసలో పెడుతున్నారు."

ఎనిమిది ఓట్లు తనవైపున్న మనిషి ఓటుకు పెట్టొచ్చు. కానీ ఈ కంపెనీలో ఇంతవరకు చేతులు లెక్కపెట్టింది లేదు. చేతులు లెక్కపెట్టారంటే ఇంట్లో చీలిక వచ్చిందని పదిమందికీ చెప్పుకున్నట్టే, అది ఐబ్, తలవంపు. పైగా ఒక్క సభ్యురాలు ఒప్పుకోలేదని రాస్తే, మార్కెట్ నియంత్రణవాళ్లు ఎందుకని అడుగుతారు. లాయరు కలం గాల్లో ఆపి ఛైర్మన్ వంక చూశాడు.

"గురువారానికి వాయిదా వేద్దాం," అన్నాడు రస్మీ బేగ్. "ఆలోచించుకోవడానికి ఆవిడకి వీలవుతుంది."

అప్పటికి అబూ జాబిర్ కాఫీ పాత్ర పట్టుకుని వచ్చాడు. ఏలకుల వాసనకి షేక్ ముత్లక్ కళ్లు తెరిచి, పిడిలేని చిన్న కప్పు అందుకుని, మూడు గుక్కల్లో తాగి, చాలని కప్పు ఊపి ఇచ్చేశాడు. "మీటింగు బాగా జరిగింది," అన్నాడు అందరితో. 

మర్నాడు ఆవిడ జర్కా దాటి ఫ్యాక్టరీకి వెళ్లింది. లోపల మురిగిన పాలవాసన గేటుదాకా వస్తోంది. ఇదివరకు ఇక్కడ ఉడుకు పాల కమ్మటి వాసన ఉండేది. వడకట్టే గదిలో కొక్కేలకు గుడ్డసంచులు వరసగా వేలాడుతున్నాయి. వాటి కొనల నుంచి పచ్చటి తేట బొట్లుబొట్లుగా కింద కాలువలో పడుతోంది. ముంజిర్ తలకి వలటోపీ, గడ్డానికి ఇంకో వల పెట్టుకుని, ఒక్కో సంచీ అడుగున అరచేయి పెట్టి బరువు చూస్తూ పోతున్నాడు. నలభై ఐదేళ్ల మనిషి, అరవై ఏళ్లవాడిలా నడుస్తున్నాడు.

ఆవిడను చూసి చేతులు కడుక్కుని పక్క గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ బల్లమీద లబనా డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మూత మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కొన్ని మూతలు నొక్కినచోటే ఉండిపోయాయి. కొన్ని టక్కుమని పైకి లేచాయి.

"లేచిందంటే లోపల గాలి పుట్టిందన్నమాట మేడమ్. పాలు కాచే యంత్రం వేడి నిలబెట్టుకోవట్లేదు. అప్పుడూ ఇదే. ఆపమని వెళ్లి జనరల్ మేనేజర్‌కి చెప్పాను. 'నువ్వు డబ్బాల మూతలు నొక్కుకుంటూ కూచో, పండగపూట జనం లబనా లేకుండా రోజా విడవాలా' అన్నాడు."

"ఇప్పటికీ బాగుచెయ్యలేదా ఆ యంత్రాన్ని?"

"బాగుచేస్తే చెడిందని ఒప్పుకున్నట్టు కదా. తప్పు నాదని కదా రాస్తున్నారు. ఇక యంత్రానికేం రోగం?"

ఆవిడ ఒక డబ్బా తీసి నొక్కింది. మూత ఆవిడ వేలిని వెనక్కి తోసింది. చేయి తీసి, గేటు దగ్గర తొడిగించిన తెల్లగౌనుకి తుడుచుకుంది.

"ఆ పిల్ల తండ్రి కేసు పెట్టాడన్నారు?"

"పెట్టాడు. తీసేశాడు కూడా." ముంజిర్ వలటోపీ తీసి చేతుల్లో మడిచాడు. "బేగ్ తరఫున పెద్దలు రాజీ అడగడానికి జాహా కట్టుకుని, గుంపుగా వాళ్లింటికెళ్లారు. పిల్ల తండ్రి టైర్ల కొట్టులో పనిచేస్తాడు. గుమ్మంలోకి అన్ని అబాయాలు వస్తే ఏం చేస్తాడు? కాఫీ పోశాడు. ముందున్న పెద్దాయన, షేక్ ముత్లక్ కాదు, ఇంకొకాయన, కప్పు కింద పెట్టాడు. మా పని చేసిపెట్టేదాకా తాగం అన్నాడు. ఇంటికొచ్చినవాడు కాఫీ తాగకుండా లేస్తే తరతరాలు చెప్పుకుంటారు కదా. తాగండి అన్నాడు పాపం. పిల్ల అప్పటికి ఆస్పత్రిలోనే ఉంది."

"నువ్వేమంటావు ముంజిర్? నేను ఏం చెయ్యాలి?"

అతను మూత లేచిన డబ్బాలను ఒక పక్కకి జరిపాడు. "మీరు ఒప్పుకుంటే నాకు జైలు. ఒప్పుకోకపోతే, రస్మీ బేగ్‌కి ఎదురు తిరిగినవాడని, నాకు ఈ దేశంలో ఎవరూ పనివ్వరు. రెంట్లో మీకేది సులువైతే అది చెయ్యండి మేడమ్. నేను మాత్రం నోరు తెరిచి అడగలేను."

అంతలో తలుపు తీసుకుని అత్తరు వాసన ముందు, కినాన్ వెనక వచ్చారు. తలకి వల లేదు. కాళ్లకు బయటి బూట్లే. "ఆంటీ, వచ్చారని చెప్పొచ్చు కదా, కారు పంపేవాణ్ని," అంటూ ఆవిడ చేతిలో ఒక అట్టపెట్టె పెట్టాడు. "ఇంటికి తీసుకెళ్లండి. తాజా లబనా. మన ఇంటి సరుకు."

"నువ్వు తింటావా కినాన్?"

అతను నవ్వాడు. "నాకు పాలు పడవు ఆంటీ, చిన్నప్పట్నించీ."

ముంజిర్ తల దించుకుని మూతలు తుడుస్తున్నాడు. సుహైర్ పెట్టె బల్లమీద పెట్టేసి బయటికొచ్చింది. కారెక్కి చాలాసేపు స్టార్టు చెయ్యలేదు. ఆ వాసన బట్టలకు పట్టుకుందని అద్దాలు దించింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. వీడు అత్త సొమ్మే కాదు, ఊళ్లోవాళ్ల పిల్లల్ని కూడా కలిపి దానం చేస్తున్నాడు. అదే మనిషి గురువారం బోర్డులో నీతి వినిపిస్తాడు. ఎనిమిదిమంది వింటారు.

తనను ఒప్పించడానికి ఫోన్లు వస్తాయనుకుంది. ఒక్కటీ రాలేదు. అదే ఆవిడకు అనుమానంగా అనిపించింది. మంగళవారం సాయంత్రం మాదబా నుంచి పిన్ని ఫోను చేసింది.

"సుహైర్, రేపు మధ్యాహ్నానికల్లా వచ్చెయ్. మనింటికి జాహా వస్తోంది. పెద్దది. షేక్ ముత్లక్ స్వయంగా వస్తున్నాడట. మీ చిన్నాన్న పొద్దుట్నించి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కాఫీ గింజలు తనే వేయించాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు."

"జాహా నా గురించా పిన్నీ?"

"నీ గురించి కాకపోతే నా గురించా? నాకీ వయసులో సంబంధమా? వచ్చెయ్."

 తండ్రి పోయాక ఇంటిపెద్ద చిన్నాన్న దైఫల్లా. పెట్రోలు బంకు నడిపి మానేసిన మనిషి. కంపెనీ వ్యవహారంలో ఆయనకి ఓనమాలు కూడా తెలియవు. బోర్డులో సుహైర్‌ను అడిగితే కాదంది కాబట్టి, బోర్డు వెళ్లి బోర్డులో లేని ముసలాయన్ని అడుగుతోంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

బుధవారం పొద్దువాలాక, అసర్ నమాజు అయ్యాక వచ్చారు. కార్లు వీధి మలుపుదాకా నిలిచాయి. గోధుమరంగు అబాయాలు, తలలకు ఎర్ర గళ్ల షమాగులు, అరవైమందికి తక్కువ లేరు. ముందు షేక్ ముత్లక్, ఆయన కుడివైపు రస్మీ బేగ్, వెనకాల తల వంచుకుని కినాన్. కుర్రాళ్లు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. పెళ్లికైనా రాజీకైనా జాహా ఎంత పెద్దదో లోకానికి చూపించుకోవాలి కదా. సుహైర్ లోపలి గదిలో, ఓరగా వేసిన తలుపు వెనక, పిన్ని పక్కన నిలబడింది. తన గురించి మాట్లాడటానికి వచ్చినవాళ్లకు తను కనిపించకూడదు. 

చిన్నాన్న ఎడమచేత్తో కాఫీ పాత్ర, కుడిచేత్తో కప్పులు పట్టుకుని మొదటి కప్పు షేక్‌కి తనే పోశాడు. షేక్ ముత్లక్ దాన్ని అందుకున్నాడు. పెదాల దాకా తేలేదు. వంగి, తన కాళ్ల ముందు నేలమీద పెట్టాడు. 

ఆయన లేచి నిలబడ్డాడు. బోర్డులో కునికిపాట్లు పడే మనిషి కాదు ఇతను. వెన్ను నిటారుగా ఉంది. గొంతు వీధిలోకి వినపడుతోంది.

"దైఫల్లా, నీ ఇంటికి తలెత్తుకుని రాలేదు. తప్పు మాది కాబట్టి తల దించుకుని వచ్చాం. మా అల్లుడు కినాన్ కుర్రతనంతో తొందరపడ్డాడు. పాలు బాగాలేవని పనివాడు ముంజిర్ ఆపితే, ఆపినవాడి మాట వినకుండా సరుకు బయటికి పంపాడు. ఆ తప్పు మా నెత్తిన. దాన్ని దాచుకోవడానికి రాలేదు, నీ ముందు దించుకోవడానికి వచ్చాం. నీ కూతురులాంటి సుహైర్ మా వల్ల మనసు కష్టపెట్టుకుంది. న్యాయం ఆవిడవైపే. మేం అడిగేది దయ. రేపు మా కాగితం మీద ఆవిడ సంతకం మాకివ్వు. ఇస్తే నీ కాఫీ తాగుతాం. లేదంటే ఈ కప్పు ఇక్కడే చల్లారుతుంది."

సుహైర్ తలుపు సందులోంచి చిన్నాన్న ముఖాన్నే చూస్తోంది. ఒక్కసారి ఇటు చూస్తాడేమోనని చూసింది. చూడలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. షేక్ ముత్లక్ అంతటివాడు తన గుమ్మంలో ఇంత తగ్గి మాట్లాడటం ఆయన జన్మలో ఎరగడు.

"తాగండి షేక్," అన్నాడు. "సంతకం మీదే. కాఫీ తాగండి."

షేక్ వంగి కప్పు తీసుకుని తాగాడు. అరవై కప్పులు కదిలాయి. దువాలు, నవ్వులు, కౌగిళ్లు మొదలయ్యాయి. తర్వాత కునాఫా మిఠాయి పళ్లేలు వచ్చాయి. రస్మీ బేగ్ చిన్నాన్న భుజం ముద్దుపెట్టుకున్నాడు. కినాన్ కూడా పెట్టుకున్నాడు. వాడి అత్తరు లోపలిగది దాకా వచ్చింది.

అందరూ వెళ్లాక సుహైర్ బయటికొచ్చింది.

"నా సంతకం నువ్వెలా ఇచ్చావు చిన్నాన్నా? నన్నొక మాట అడిగావా?"

"అరవైమంది మనుషులు నా ఇంట్లో కూచున్నారే. కప్పు కింద ఉంది. లోపలికొచ్చి నిన్నడగమంటావా, మా ఇంట్లో ఆడపిల్ల ఒప్పుకుంటుందో లేదో చూసొస్తానుండండి అని?"

"అవును. అడగమనే అంటున్నాను."

ఆయన సోఫా చివర కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. "మీ నాన్న ఉన్నా అదే అనేవాడు," అన్నాడు చివరికి. "నువ్విప్పుడు సంతకం పెట్టనంటే, ఇక నేను మాదబా మసీదుకి వెళ్లక్కర్లేదు. ఇంట్లోనే చదువుకుంటాను నమాజు."

ఆవిడకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రెంటికంటే ఎక్కువగా అసహ్యం వేసింది. ఎవరి మీదో ఆవిడకే తెలియలేదు. ఆ గది మీద, కునాఫా జిగురంటిన పళ్లేల మీద, బహుశా తన మీద కూడా. కప్పులు ఏరి వంటింట్లోకి తీసుకెళ్లి కుళాయి కింద పెట్టి కడగసాగింది. అడుగున నల్లటి మడ్డి వేలితో రుద్దితేగాని పోవడంలేదు.

పిన్ని పక్కన నిలబడి తుడిచిపెడుతూ ఇంకా ఆ మైకంలోనే ఉంది. "ఏం మాట్లాడాడే షేక్! తప్పంతా మావాడిదేనని ఎలా ఒప్పేసుకున్నాడు చూడు. ఆపినవాడి మాట వినలేదన్నాడు. పేరుపెట్టి మరీ చెప్పాడు. అంత తగ్గినవాణ్ని కాదంటే దేవుడు కూడా ఊరుకోడు. మా చెల్లెలు అప్పుడే వీడియో పంపించింది. రస్మీ బేగ్ ఆఫీసువాళ్లే పదిమందికీ పెట్టారట, కింద దువాలు రాసి."

సుహైర్ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. నీళ్లు నిండి పొర్లిపోతున్నాయి. పిన్ని చెయ్యి చాపి కుళాయి కట్టేసింది.

"ఏంటే, అలా నిలబడిపోయావు?"

"ఏం లేదు పిన్నీ. చిన్నాన్న మాట పోనివ్వను. సంతకం పెడతానని చెప్పు ఆయనకి."

గురువారం బోర్డు గది తేలిగ్గా ఉంది. వాళ్లూ వీళ్లూ ఆవిడను ఎదురొచ్చి పలకరించారు. మాజీ రాయబారి కుర్చీ లాగి పెట్టాడు. షేక్ ముత్లక్ అప్పుడే గడ్డం ఛాతీకి ఆనించేశాడు. లాయరు వాయిల్ ఆదివారంనాటి తీర్మానాన్నే చదివి, కాగితం ముందుగా ఆవిడ ముందు పెట్టాడు.

"నిన్న మా చిన్నాన్న మాటిచ్చాడు," అంది సుహైర్ కలం మూత తీస్తూ. "దైఫల్లా మాట నేను తప్పను. సంతకం పెడతాను."

"అల్లా నీ ముఖం వెలిగించాలమ్మా," అన్నాడు రస్మీ బేగ్.

"అయితే ఆ సంతకం ఏ మాటల మీద అడిగారో ఆ మాటలు ఈ కాగితంలో లేవు. షేక్ నిన్న అరవైమంది ముందు చెప్పాడు. తప్పు కినాన్‌ది. ముంజిర్ ఆపాడు. ఆపినవాడి మాట వినలేదు. ఆ మూడు ముక్కలూ రాయండి, కింద పెడతాను."

కినాన్ బొత్తాం తిప్పడం ఆపాడు. రస్మీ బేగ్ నవ్వు ముఖంమీదే ఉంది, కానీ పూసలు రెండేసి జారుతున్నాయి.

"అమ్మా, అది కాఫీ దగ్గర మాట. మర్యాదకి మనిషి కాస్త తగ్గి మాట్లాడతాడు. ఇది బోర్డు. ఇక్కడ చట్టం ఉంది, నియంత్రణవాళ్లున్నారు. ఆ మాటలు వేరు, ఈ మాటలు వేరు."

"అంటే షేక్ నిన్న అన్నది నిజం కాదని రాయించమంటారా?" అంది సుహైర్.

లాయరు దగ్గాడు. ఆ దగ్గుకో, తన పేరు వినపడ్డందుకో, షేక్ ముత్లక్ కళ్లు తెరిచాడు. కాఫీ ఇంకా రాలేదు.

"ఏమన్నాను నేను?"

 సుహైరే చెప్పింది. నిన్నటి మాటలు వరసగా, ఆయన అన్నవి అన్నట్టే చెప్పింది.

"అన్నాను," అన్నాడు షేక్. "అయితే?"

"షేక్, అది మర్యాద మాటని చెప్తున్నాను," అన్నాడు రస్మీ బేగ్. మెత్తటి గొంతు కాస్త గీరుకుపోయింది. "కాగితం మీద అలా రాయడానికి కుదరదు. కాగితం ప్రకారం ముంజిర్..."

"కాగితం ఏమందో నాకెందుకు? రస్మీ, నువ్వే కదా నాకు చెప్పావు, మావాడు పొరపాటు చేశాడు, ఆపితే వినలేదు, ఎలాగైనా గట్టెక్కించమని? అది విని నేను వెళ్లి దైఫల్లా ఇంట్లో నిలబడ్డాను."

"అవును, కానీ..."

"మర్యాదకి తగ్గి మాట్లాడతాం. లేనిది మాట్లాడం. ఇప్పుడు నేనన్నది లేనిదయితే, అబద్ధం చెప్పి వాడిచేత కాఫీ తాగమనిపించుకున్నానని కదా అర్థం. మాదబాలో అలా అనుకోవాలా? మా తాత కూచున్న చోట కూచుని నేను దొంగమాట మీద కప్పెత్తానని చెప్పుకోవాలా?"

ఆయన గొంతు పెంచలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఒక్కొక్కళ్లనే చూశాడు. ఆదివారం తలలూపినవాళ్లంతా ఇప్పుడు బల్ల వంక చూస్తున్నారు. ఆయన్ని అబద్ధికుణ్ని చెయ్యడానికి ఈ గదిలో ఎవరికీ నోరు లేదు. ఆయన పేరు కోసమే ఆయన్ని తెచ్చుకున్నారు.

"రాయి, వాయిల్," అన్నాడు షేక్.

లాయరు ఛైర్మన్ వంక చూశాడు. రస్మీ బేగ్ కిటికీ వంక చూస్తున్నాడు. వాయిల్ పాత కాగితం పక్కకు తోసి కొత్తది తీసుకుని రాశాడు. ముంజిర్ పేరు ఆపినవాడిగా, కినాన్ పేరు పంపినవాడిగా. షేక్ ముత్లక్ అందరికంటే ముందు సంతకం చేశాడు. ఆయన చేశాక ఒక్కొక్కళ్లే చేశారు, రాయబారి కూడా. చివరికి రస్మీ బేగ్ చేశాడు. ఒకళ్ల వెనక ఒకళ్లు సంతకాలు పెట్టడం ఆ గదికి అలవాటే కాబట్టి దానికి పెద్దగా సమయం పట్టలేదు. సుహైర్ తన పేరు నిదానంగా పూర్తిగా రాసింది.

ముంజిర్ జైలుకి వెళ్లడు. ఆ యంత్రాన్ని బాగుచెయ్యక తప్పదు. ఆవిడకు సంతోషం కలగాలి. ఏడేళ్లుగా ఈ బల్ల దగ్గర ఎన్నిసార్లు వద్దంది, ఎన్నిసార్లు ఆధారాలు పరిచి చెప్పింది. ఒక్కసారీ ఒక్క అక్షరం కదల్లేదు. ఇవాళ అక్షరాలు మారింది ఆవిడ చెప్పినందుకు కాదు.

"పోనీలే షేక్, మీ వల్ల ఒక పిల్లకైనా న్యాయం జరిగింది," అంది, ఏదో ఒకటి అనాలని.

షేక్ ముత్లక్ ఆవిడ వంక అర్థంకానట్టు చూశాడు. "ఏ పిల్ల?"

 "లుజైన్. ఏడేళ్లు. రుసైఫా బడిలో మన లబనా తిన్నది. కిడ్నీలకి యంత్రం పెట్టారు. పోయినసారీ, అంతకుముందుసారీ, ఇదే బల్లమీద మీ ముందున్న కాగితాల్లో ఉంది."

"నేను కాగితాలు చదవనమ్మా," అన్నాడు ఆయన. సిగ్గుపడుతూ కాదు. తనకు తీపి పడదని చెప్పినట్టు చెప్పాడు. "పాలు విరిగాయన్నారంతే. పిల్ల సంగతి నాకెవరూ చెప్పలేదు." కర్ర సర్దుకుంటూ, "అల్లా చల్లగా చూస్తాడు," అన్నాడు.

అబూ జాబిర్ కాఫీ పాత్రతో వచ్చాడు. షేక్‌కి పోశాడు. ఆయన మూడు గుక్కల్లో తాగి, కప్పు ఊపి ఇచ్చేశాడు. ఛైర్మన్ తాగాడు. కినాన్ కూడా తాగాడు. సుహైర్ దగ్గరికి వచ్చి పోస్తే, ఆవిడ కప్పు అందుకుంది. ఏలకుల వాసనలో ఎక్కడో మురిగిన పాలవాసన తగిలింది. కప్పును పెదాల దాకా తేకుండా బల్లమీద పెట్టేసింది.

 రస్మీ బేగ్ చేతిలో పూసలు ఆగాయి. కలం జేబులో పెట్టుకోబోతున్న లాయరు మళ్లీ బయటికి తీశాడు. షేక్ ముత్లక్ నిటారుగా కూర్చున్నాడు. అందరూ కప్పు వంకా, ఆవిడ ముఖం వంకా చూస్తున్నారు, ఏం అడుగుతుందోనని.

ఆవిడ ఏమీ అడగలేదు. ఆవిడకు తాగబుద్ధి కాలేదు, అంతే. సంచీ తీసుకుని, ఆస్పత్రిలో లుజైన్‌ను చూడనిచ్చే వేళకు అందుకోవాలని బయటికి నడిచింది.